చెక్కతో బడి కట్టాలంటే: తిరుపతి ఎండకీ కార్తీకమాసపు వానకీ నిలిచేలా

సొంత స్థలంలో కొత్త బ్లాకు కట్టాలనుకునే కరస్పాండెంట్లు, తాము చదువుకున్న బడికి రెండు గదులు కట్టించి ఇద్దామనుకునే పూర్వ విద్యార్థులు ఈమధ్య మాస్ టింబర్ గురించి అడుగుతున్నారు. నార్వేలో 2019లో 18 అంతస్తుల మ్యోస్టోర్నెట్, అమెరికాలోని మిల్వాకీలో 2022లో 25 అంతస్తుల అసెంట్ పూర్తయ్యాయి. ఆ ఫొటోలు చూసి మన బడి కూడా అలా ఉండాలని ఆశపడటంలో తప్పేం లేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెక్క బడి కట్టొచ్చు. కట్టాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను కూడా. అయితే మన దగ్గర ఆ బడి ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది చెక్క రకం కన్నా రెండు సంగతుల మీద ఎక్కువ ఆధారపడుతుంది: చెక్కను నేలకు ఎంత ఎత్తులో పెట్టారు, చూరును గోడ నుంచి ఎంత బయటికి వదిలారు. ఈ రెండూ గట్టిగా పట్టుకుంటే మిగతావన్నీ దారిలో పడతాయి.

ముందు మాస్ టింబర్ అంటే ఏమిటో చూద్దాం. చిన్న చిన్న పలకలను ఫ్యాక్టరీలో కలిపి, స్లాబంత, గోడంత పెద్ద ముక్కలు తయారు చేస్తారు. పలకలన్నీ ఒకే దిక్కుగా పేర్చి జిగురుతో అతికిస్తే గ్లూలామ్. దూలాలకు, స్తంభాలకు వాడతారు. జర్మనీలో ఒట్టో హెట్జర్ 1906లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒక వరస నిలువుగా, దాని మీద మరో వరస అడ్డంగా, ఇలా మూడు, ఐదు, ఏడు వరసలు అతికిస్తే సీఎల్‌టీ. ఇది 1990లలో ఆస్ట్రియా, జర్మనీల్లో రూపుదిద్దుకుంది. జిగురే లేకుండా పలకలను అంచు మీద నిలబెట్టి, పక్కపక్కన చేర్చి మేకులు కొట్టే పద్ధతి మూడోది. దాన్ని ఎన్‌ఎల్‌టీ అంటారు. రాయలసీమ పాత మిద్దెల్లో దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా దంతెలు, ఆ పైన మట్టి కప్పు ఉండేవి. ఆ దంతెల మధ్య సందు లేకుండా కలిపేస్తే ఎన్‌ఎల్‌టీ అయినట్టే. మన వడ్రంగులకు చేతికందే పద్ధతి ఇదే.

మొదట తేల్చుకోవాల్సింది: ఎంత చెక్క, ఎక్కడ

మొత్తం చెక్కతోనే కట్టాలన్న పట్టుదల వదిలేయండి. మిల్వాకీ భవనంలో కూడా కింది ఆరు అంతస్తులు కాంక్రీటే. మన దగ్గర ఒక అంతస్తు మీద ఒక అంతస్తు ఉండే బడికి నేను చెప్పే పంపకం ఇది. పునాది, బేస్‌మట్టం, కింది గదుల గోడలు రాయి లేదా ఇటుక. మధ్య స్లాబు, పై గదుల గోడలు, కప్పు చెక్క. మెట్లు, మరుగుదొడ్లు, వంటగది, నీళ్ళ ట్యాంకు నిలబడే చోటు, ఈ నాలుగింటిలో చెక్క జోలికి పోవద్దు. నీళ్ళు కారేది, మంట పుట్టేది అక్కడే.

చిత్తూరు వైపు గ్రానైట్‌కు కొదవ లేదు. పాలిష్‌కు పనికిరాని రాయి కూడా పునాదికి దివ్యంగా సరిపోతుంది. ఇంటి దగ్గరే ఉన్న రాయిని వదిలి కింద నుంచీ చెక్కే పెట్టడం పర్యావరణం పేరు చెప్పి పర్యావరణానికి ఎదురు నడవడమే.

చెక్కతో లాభం ఎక్కడుందో ఒక లెక్క చూడండి. 6 మీటర్లకు 8 మీటర్ల తరగతి గది తీసుకుందాం. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు దాదాపు 18 టన్నులు తూగుతుంది. అదే మందం సీఎల్‌టీ మూడున్నర టన్నులు. కింద గోడల మీద, పునాది మీద అంత భారం తగ్గుతుంది, సిమెంటూ స్టీలూ తగ్గుతాయి. ఒక క్యూబిక్ మీటరు చెక్కలో, చెట్టు పెరిగేటప్పుడు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్ సుమారు 800 కిలోలు బంధించి ఉంటుంది. ఆ ఒక్క స్లాబులోనే ఏడు క్యూబిక్ మీటర్ల చెక్క ఉంటుంది కాబట్టి, ఐదున్నర టన్నుల పైమాట. కానీ పదిహేనేళ్ళకు చెద పట్టి విరగ్గొట్టి కాల్చేస్తే అదంతా మళ్ళీ గాలిలోకే పోతుంది. అందుకే చెక్క బడి పచ్చదనం ఫ్యాక్టరీ సర్టిఫికెట్‌తో అయిపోదు. బడి యాభై ఏళ్ళు నిలిస్తేనే ఆ లెక్క నిజమవుతుంది.

గది కొలతలు చెక్కకు నప్పేలా ఎంచుకోండి. 8 మీటర్ల పొడవును మధ్యలో ఒక గ్లూలామ్ దూలంతో రెండుగా విడగొడితే స్లాబు 4 మీటర్లే పరచుకుంటుంది. అప్పుడు 140 నుంచి 160 మిల్లీమీటర్ల ఐదు వరసల సీఎల్‌టీ మామూలుగా సరిపోతుంది. 6 మీటర్ల దూలానికి 400 నుంచి 450 మిల్లీమీటర్ల లోతు పడుతుంది. ఇవి ప్లాను మొదలుపెట్టడానికి అంచనాలే. అసలు కొలత ఇంజనీరు చెప్పాలి. తరగతి గదికి చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, వరండాకు, మెట్లకు 4 కిలోన్యూటన్ల భారం లెక్కేయాలని, కట్టడాల మీద భారాల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు. పిల్లలందరూ బెల్లు కొట్టగానే ఒక్కసారిగా వరండాలోకి వస్తారు కదా, అందుకే దానికి ఎక్కువ.

చెక్క ఎక్కడి నుంచి తేవాలి

ఎర్రచందనం మాట ఎత్తకండి. శేషాచలం అడవులు మన కళ్ళముందే ఉన్నాయి కాబట్టి ఎవరో ఒకరు "తక్కువలో ఇప్పిస్తా" అని రాకపోరు. అది తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో ఉంది. ఒక్క దుంగ దొంగది బయటపడినా బడి పేరు పోతుంది, కేసు మిగులుతుంది.

మనకు నికరంగా ఉన్న దారులు రెండు. మొదటిది మన నేల మీద రైతులు పెంచే చెట్లు: జామాయిల్, సరుగుడు, మలబార్ వేప. జామాయిల్ గట్టిదే కానీ లోపల బిగువు ఎక్కువ. కోసిన వెంటనే మెలి తిరుగుతుంది, కొసలు పగులుతాయి. సరుగుడు మరీ బరువు, మేకు దిగితే చీలుతుంది. మలబార్ వేప తేలిక, కోతకు లొంగుతుంది, ప్లైవుడ్ మిల్లులు దాన్ని బాగా తీసుకుంటున్నాయి. వీటిలో దేన్ని బరువు మోసే పనికి వాడాలన్నా ముందు పరీక్ష చేయించాలి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ మనకు దగ్గర్లో ఉన్న కేంద్ర సంస్థ. చెక్క జాతి గుర్తింపు, బలం, మందు పట్టించడం లాంటి వాటికి అక్కడికి వెళ్ళండి. ఏ చెట్టు రవాణాకు పర్మిట్ కావాలో, దేనికి అక్కర్లేదో అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

రెండో దారి యూరప్ నుంచో న్యూజిలాండ్ వైపు నుంచో తెప్పించడం. ఇంత దూరం నుంచి తెస్తే ఇంకేం పర్యావరణం అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఓడలో టన్నుకు పట్టే ఇంధనం లారీతో పోలిస్తే చాలా తక్కువ. చెన్నై రేవు నుంచి తిరుపతికి నూట యాభై కిలోమీటర్ల లోపే. అయినా సరే, స్లాబుకు సీఎల్‌టీ తెప్పించి, కప్పుకు ఇక్కడే ఎన్‌ఎల్‌టీ చేయించడం నాకు నచ్చిన మధ్యేమార్గం. సగం డబ్బు ఇక్కడి సామిల్లుకు, వడ్రంగులకు చేరుతుంది, వాళ్ళకు పని తెలుస్తుంది.

తెప్పించే సరుకుకు మూడు కాగితాలు అడగండి. అడవిని పద్ధతిగా పెంచి కోశారని చెప్పే ఎఫ్ఎస్‌సీ సర్టిఫికెట్ ఒకటి. సీఎల్‌టీ తయారీకి అమెరికా, కెనడాల్లో పాటించే పీఆర్‌జీ 320 ప్రమాణం ముద్ర రెండోది. దాని 2018 కూర్పు నుంచి మంటలో ఊడిపోని జిగురునే అనుమతిస్తున్నారు, కాబట్టి పాత స్టాకు చవగ్గా వస్తుందంటే ఆశపడొద్దు. జిగురులో ఫార్మాల్డిహైడ్ ఎంతో చెప్పే కాగితం మూడోది. పిల్లలు రోజంతా ఆ గాలే పీలుస్తారు.

ఇక్కడి కర్ర తీసుకుంటే అసలు పరీక్ష తేమ దగ్గరే. సామిల్లులో ఎవర్నడిగినా "బాగా ఆరిన కర్ర సార్" అనే అంటారు. రెండు సూదులుండే తేమ మీటరు ఒకటి కొని జేబులో పెట్టుకోండి. సూదులు పలక కొసన గుచ్చొద్దు. కొసలు ముందుగా ఆరిపోతాయి, అక్కడ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కొస నుంచి అడుగున్నర లోపలికి వచ్చి, వెడల్పు మధ్యలో, రెండు సూదులూ చెక్క నార రేఖ వెంట పడేలా గట్టిగా నొక్కండి. తర్వాత అదే పలకను అక్కడే అడ్డంగా కోయించి, తెరుచుకున్న మధ్య భాగంలో మళ్ళీ గుచ్చండి. పైన 12 శాతం, లోపల 19 శాతం చూపిస్తే ఆ కర్ర ఎండలో పైపైన ఆరింది, బట్టీలో ఆరలేదు. లోపల కూడా 12 దగ్గర ఉండాలి. 15 దాటితే వెనక్కి పంపండి. కప్పులో బిగించాక ఆ తేమ పోతే పలక కుంచించుకుంటుంది, మేకు వదులవుతుంది. తేమ 20 శాతం పైన నిలిచిపోతే బూజు, కుళ్ళు మొదలవుతాయి.

పలక అంచున చేవ పట్టని తెల్ల చెక్క ఎంతుందో కూడా చూడండి. చేవ దగ్గర చెద పళ్ళు నెమ్మదిస్తాయి గానీ తెల్ల చెక్కను పురుగు వదలదు. తెల్ల చెక్క ఉన్న పలకలకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు ఒత్తిడితో ఎక్కించి తీసుకోండి. వాన తగలని లోపలి చెక్కకు అది చాలు. ఆర్సెనిక్ ఉన్న మందు పట్టిన చెక్క మాత్రం పిల్లల చేతులు తగిలే చోట వద్దే వద్దు.

కాగితాలు

ప్రభుత్వ పనుల్లో చెక్క వాడకం మీద కేంద్ర ప్రజా పనుల శాఖ 1993లో పెట్టిన ఆంక్షను 2020లో తీసేసింది. అయినా "చెక్క బిల్డింగా? పర్మిషన్ రాదు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళతో వాదించకుండా, ప్లాను గీయించక ముందే టౌన్ ప్లానింగ్ ఆఫీసుకూ అగ్నిమాపక శాఖకూ వెళ్ళి మాట్లాడండి. మీ స్థలం ఎక్కడుందన్న దాన్ని బట్టి తుడా, చుడా (తిరుపతి, చిత్తూరు పట్టణాభివృద్ధి సంస్థలు), మున్సిపాలిటీ లేదా పంచాయతీ. చేతిలో ఉండాల్సినవి: జాతీయ భవన నియమావళి 2016లో టింబర్ గురించి చెప్పే ఆరో భాగం మూడో సెక్షన్, అగ్ని భద్రత గురించి చెప్పే నాలుగో భాగం, టింబర్ డిజైన్‌కు ఐఎస్ 883. సీఎల్‌టీ లెక్కలకు చెక్క కట్టడాల యూరప్ ప్రమాణం యూరోకోడ్ 5, తయారీదారు ఇచ్చే టెస్టు రిపోర్టులు జత చేయండి.

స్ట్రక్చరల్ డిజైన్ చేసిన ఇంజనీరు కాకుండా ఇంకొకరి చేత సరిచూపించండి. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అక్కడి సివిల్ డిపార్ట్‌మెంట్లలో అడిగి చూడండి. ఆ రెండో సంతకం ఉంటే ఆఫీసుల్లో మాట తేలిగ్గా సాగుతుంది, మీకూ నిద్ర పడుతుంది.

నిప్పు గురించి దాపరికం లేకుండా

బడి, చెక్క అన్న మాటలు కలిపి వినగానే మనవాళ్ళకు తమిళనాడులోని కుంభకోణం ఊరు గుర్తొస్తుంది. రావాలి కూడా. 2004 జులై 16న అక్కడి బడిలో 94 మంది పిల్లలు చనిపోయారు. వంటగదిలో పుట్టిన మంట తాటాకు కప్పుకు అంటుకుంది, పిల్లలు బయటపడటానికి సరైన దారి లేదు. తల్లిదండ్రుల మీటింగ్‌లో ఈ ప్రశ్న వస్తే దాటేయకండి. చెక్క కాలదని ఎవరూ చెప్పకూడదు, అది అబద్ధం.

నిజం ఇది. సన్న కర్ర భగ్గున మండుతుంది. మందపాటి చెక్క పైన బొగ్గు కడుతుంది, ఆ బొగ్గు పొర లోపలి చెక్కకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. పైన్ లాంటి మెత్తచెక్కతో చేసిన గ్లూలామ్ దూలం నిమిషానికి 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుందని యూరోకోడ్ లెక్క. గంట మంటకు 42 మిల్లీమీటర్లు, దాని వెనక బలం తగ్గిన పొర 7 మిల్లీమీటర్లు, మొత్తం 49. అంటే దూలం భారానికి ఎంత కావాలో లెక్కగట్టి, మంట తగిలే ప్రతి వైపూ మరో 49 మిల్లీమీటర్లు కలుపుకుంటే, గంటసేపు కాలినా దూలం నిలబడుతుంది. పిల్లలు బయటికి రావడానికి ఐదు నిమిషాలు చాలు, ఫైరింజన్ రావడానికి మిగతా సమయం ఉంటుంది. మీ ఇంజనీరును ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమనండి.

ఇనుప బ్రాకెట్లు, బోల్టులు బయటికి కనిపించేలా వదలొద్దు. 550 డిగ్రీల దగ్గర స్టీలు బలం దాదాపు సగానికి పడిపోతుంది. వాటిని చెక్కలోకి దించి పైన చెక్క బిరడా కొట్టాలి. వైర్లు లోహపు పైపుల్లోనే నడపాలి. ప్రతి గదికీ విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు), మొత్తానికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు) తప్పనిసరి.

మధ్యాహ్న భోజనం వంటగదిని వేరే కట్టడంగా, రాతితోనో ఇటుకతోనో, తరగతి బ్లాకుకు కనీసం పది మీటర్ల దూరంలో, గాలి బడి వైపు వీయని దిక్కున కట్టండి. మెట్లు రెండు చివర్లా రెండు, 1.5 మీటర్ల వెడల్పుకు తగ్గకుండా, కాంక్రీటువి. తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి. కిటికీలకు కదలని ఇనుప గ్రిల్లులు బిగించి పిల్లల దారి మూసేయకండి. తీసి తెరిచే గ్రిల్లు ప్రతి గదికీ ఒక్కటైనా ఉండాలి.

పునాది, బేస్‌మట్టం, చెద

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మీ స్థలంలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చుట్టుపక్కల వాళ్ళని అడగండి. పాత ప్రహరీ గోడల మీద ఆ మరక ఇంకా ఉంటుంది. బేస్‌మట్టం ఆ మరకకు కనీసం అడుగు పైన ఉండాలి. వరద భయం లేని చోట కూడా రెండడుగులు తగ్గొద్దు. వాన చినుకు నేల మీద పడి చిందితే బురద అడుగున్నర దాకా ఎగురుతుంది. పెంకుటిల్లు గోడ కింద ఎర్రగా మరక ఎంత ఎత్తు ఉంటుందో గమనించండి.

కింది గదులు రాతివి కాబట్టి చెద నేరుగా చెక్కను చేరలేదు, గోడ మీదుగానే ఎక్కాలి. అందుకే గోడ పైన, చెక్క కింద జింకు పూసిన రేకు పట్టీ పరచండి. అది గోడకు రెండు వైపులా 50 మిల్లీమీటర్లు బయటికి వచ్చి, 45 డిగ్రీలు కిందికి వంగాలి. రేకుల అతుకులు టంకం వేసి మూసేయాలి. చెద ఆ రేకును కొరకలేదు, దాని అంచు చుట్టి రావాలంటే వెలుతురులో మట్టి గూడు కట్టుకుంటూ రావాలి. ఆ గూడు మీ కంటికి కనిపించడమే రేకు అసలు ప్రయోజనం. పెన్సిలంత వెడల్పున ఎర్రమట్టి గీత ఒకటి గోడ మీద పైకి పాకుతుంటుంది. వేలితో మధ్యలో చిదిమి చూడండి. లోపల తెల్ల పురుగులు పరుగెత్తితే దారి బతికి ఉన్నట్టు. ఖాళీగా ఉన్నా రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి చూడండి. చిదిమిన చోట కొత్త తడిమట్టి పూసి ఉంటే అవి తిరిగొచ్చాయి.

పునాదిలో మందు కొట్టించడం ఐఎస్ 6313 రెండో భాగం ప్రకారం మామూలే. మన దగ్గర ఎక్కువమంది కొట్టేది క్లోరోపైరిఫాస్. ఎదిగే పిల్లల నరాలకు దానివల్ల హాని ఉందన్న కారణంతో అమెరికాలో ఇళ్ళలో వాడకాన్ని 2000 తర్వాత ఆపేశారు. బడి కాబట్టి రేకు, ఎత్తు, పొడి నేల మీదే ఎక్కువ భరోసా పెట్టుకోండి. మందు తప్పనిసరి అనుకుంటే వేరే రకం అడగండి, నేల మూసేయక ముందే కొట్టించండి. గోడకు ఆనించి పూలమొక్కల మడి వేయొద్దు. ప్రతి బడిలోనూ ఎవరో ఒకరు ముచ్చటపడి వేస్తారు, చెదకు అదే నిచ్చెన.

కప్పు, చూరు, ఎండ

గదుల పొడవు తూర్పు పడమరలుగా ఉంచండి. పడమటి కొసన మెట్లు, మరుగుదొడ్ల ఇటుక బ్లాకు పెడితే సాయంత్రపు ఎండ దాని మీదే ఆగిపోతుంది. దక్షిణాన ఎనిమిది అడుగుల వసారా. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి గాలితో కొడతాయి కాబట్టి ఉత్తరం, తూర్పు వైపు చూరు నాలుగడుగులకు తగ్గొద్దు. పై గదుల చెక్క గోడ తడవకుండా కాపాడేది ఆ నాలుగడుగులే. తుపాను గాలి చూరును కింది నుంచి ఎత్తేస్తుంది, కాబట్టి ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కప్పును గోడకు, గోడను రాతికి కట్టిపడేసే బోల్టుల లెక్క విడిగా వేయించాలి.

డాబా కప్పు, పారాపెట్ గోడ వద్దు. నీళ్ళు నిలిచే చోటు ఏదీ చెక్క మీద ఉండకూడదు. పెంకులు అందమే గానీ, తిరుపతిలో కోతులు వాటిని వారం తిరక్కుండా చిందరవందర చేస్తాయి, ఆ సందులోంచి కారే నీళ్ళు నెలల తరబడి ఎవరికీ కనిపించవు. తెల్లరంగు మెటల్ షీటు వేయండి, వాలు పది డిగ్రీలకు తగ్గకుండా. షీటు కింద మూడు నాలుగంగుళాల గాలి సందు, దాని కింద నీటిని ఆపి ఆవిరిని వదిలే పొర, రాక్‌వూల్ (రాతి నారతో చేసిన, వేడిని ఆపే మెత్త), ఆ కింద చెక్క కప్పు. గాలి సందు చూరు దగ్గర మొదలై కప్పు వెన్ను దగ్గర బయటికి పోవాలి, రెండు కొసలా సన్న జాలి కొట్టాలి. లేకపోతే కందిరీగలు ఇల్లు కట్టేస్తాయి.

ఈ సందు ఎందుకంటే, చెక్క వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది, అది మంచి గుణమే. కానీ కాంక్రీటులా రాత్రి చల్లదనాన్ని దాచుకోలేదు. మే నెలలో 42 డిగ్రీల్లో రేకు కింద నేరుగా చెక్క పెడితే మధ్యాహ్నం రెండింటికి గది ఉడుకుతుంది. సందులో గాలి నడిస్తే వేడి అక్కడి నుంచే పోతుంది. రాక్‌వూల్ వల్ల వాన చప్పుడు కూడా తగ్గి టీచరు మాట వెనక బెంచీకి వినిపిస్తుంది. మధ్య స్లాబు మీద రబ్బరు చాప పరచి 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర వేయించండి, లేకపోతే పై గది పిల్లల పరుగులు కింది గది నెత్తి మీద ఉంటాయి.

వేసవి సెలవుల్లో నిలబెట్టడం

మాస్ టింబర్‌కు మన బడి క్యాలెండరు చక్కగా నప్పుతుంది. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి జూన్ 12న తెరుస్తారు. రాతి పని, కింది గోడలు ఫిబ్రవరిలోగా ముగించి, చెక్క సరుకు మార్చిలో చెన్నై చేరేలా ఆర్డరు పెట్టుకోండి. కస్టమ్స్‌లో ఆలస్యానికి కొన్ని వారాలు వదులుకోవాలి.

ఆర్డరు పెట్టే ముందు డ్రాయింగులు పూర్తిగా ఖాయం కావాలి. స్విచ్ బోర్డు రంధ్రం, ఫ్యాను హుక్కు, కిటికీ కొలత అన్నీ ఫ్యాక్టరీలోనే కోసి వస్తాయి. ఇక్కడ "తర్వాత చూద్దాంలే" అన్న మాట పనికిరాదు. నలభై అడుగుల కంటైనరు లోపలి పొడవు 12 మీటర్లు, వెడల్పు 2.35 మీటర్లు. పలక వెడల్పు 2.2 మీటర్ల లోపు ఉంటే మామూలు కంటైనరులో వస్తుంది. దాటితే ప్రత్యేక కంటైనరు, ప్రత్యేక ఖర్చు. స్క్రూలు, బ్రాకెట్లు పదో వంతు అదనంగా తెప్పించండి. అడుగు పొడవుండే ఆ స్క్రూలు తిరుపతి బజారులో దొరకవు, నాలుగు తగ్గితే పని మొత్తం ఆగుతుంది.

2.2 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవుండే స్లాబు పలక బరువు 1.3 టన్నుల దాకా ఉంటుంది. దీనికి పెద్ద క్రేన్ అక్కర్లేదు. చేయి ఎంత దూరం చాపాలో లెక్క చూసుకుంటే హైడ్రా అనే చిన్న క్రేన్ చాలు. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో బండలు ఎత్తిన ఆపరేటరు దొరికితే వదులుకోకండి, బెల్టు ఎక్కడ వేయాలో వాళ్ళకు చెప్పక్కర్లేదు. సీఎల్‌టీ బిగించిన అనుభవం ఉన్నవాళ్ళు ఇద్దరు, వాళ్ళ పక్కన మన వడ్రంగులు నలుగురు ఉండేలా చూసుకోండి. రెండో బ్లాకు నాటికి మనవాళ్ళే చేసేస్తారు.

సరుకు దిగగానే నేల మీద పెట్టొద్దు. దిమ్మెల మీద అడుగు ఎత్తున, నీడలో, పలకకూ పలకకూ మధ్య రీపర్లు పెట్టి పేర్చండి. పైన పట్ట కప్పి పక్కలు వదిలేయండి. చుట్టూ ప్లాస్టిక్ బిగిస్తే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. మే నెల సాయంత్రాలు ఉరుములతో వాన వచ్చే అవకాశం ఉంది కాబట్టి రోజూ పని ఆపేముందు అన్ని కొసలూ కప్పాలి. తడిసినా భయం లేదు, నీళ్ళు తుడిచి ఆరనివ్వండి. తడి ఉండగా పైన రబ్బరు చాప, కాంక్రీటు వేసి మూసేయడమే ప్రమాదం. మూసేముందు తేమ మీటరుతో చూసి, రీడింగు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఖర్చు విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. ఎర్రగుంట్ల సిమెంటు మనకు పక్కనే దొరుకుతుంది, తెప్పించిన సీఎల్‌టీ దానికన్నా ఖరీదే. పునాది తేలిక కావడం, పని నెలల్లో కాక వారాల్లో తేలడం వల్ల కొంత తిరిగొస్తుంది, మొత్తం రాదు. డబ్బు బిగువుగా ఉంటే మధ్య స్లాబు మామూలుగా వేసి కప్పు ఒక్కటే ఎన్‌ఎల్‌టీ చేయించండి. రెండు గదులతో మొదలుపెట్టి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూశాక మిగతాది కట్టడం మేలు.

కట్టాక

బడికి ఒక నోటు పుస్తకం పెట్టి, ఏడాదికి రెండుసార్లు, సెప్టెంబరులో వానల ముందు, జనవరిలో వానల తర్వాత, ఒకే మనిషి చుట్టూ తిరిగి రాయాలి. రేకు పట్టీ మీద మట్టి గీతలున్నాయా, చూరు కాలువలో ఆకులు నిండాయా, కిటికీ కింది చెక్క నల్లబడిందా, స్క్రూల చుట్టూ తుప్పు మరక ఉందా, తేమ మీటరు గుర్తు పెట్టిన ఆరు చోట్ల ఎంత చూపిస్తోంది. ఈ పని ఎనిమిదో తరగతి పిల్లల చేత, సైన్సు టీచరు పక్కన ఉండగా చేయించండి. పిల్లల కళ్ళకు మట్టి గీత మనకన్నా ముందు కనిపిస్తుంది. కొత్త హెడ్‌మాస్టరు వచ్చినప్పుడు బీరువా తాళాలతో పాటు ఆ పుస్తకం, డ్రాయింగుల ఫైలు, ఏ గోడలో రంధ్రం చేయకూడదో గుర్తు పెట్టిన ప్లాను కూడా సంతకం పెట్టించుకుని అప్పగించండి. బడికి వచ్చే ఎలక్ట్రీషియన్ డ్రిల్లింగ్ మిషన్ తీసేముందు ఆ ప్లాను చూడాలన్న నియమం స్విచ్ బోర్డు పక్కనే రాసి అంటించండి.